ఎనిమిదో నెల అని చెప్పకు

ముందే చెప్పేస్తున్నాను, బిడ్డ బతికింది. ఇప్పుడు మూడేళ్లు నిండాయి. నేనిది రాస్తుంటే బిడ్డ పక్క గదిలో కూర్చుని నాయనమ్మ దాచుకున్న తమలపాకులను ఒక్కొక్కటే చింపుతోంది. కాబట్టి చదివేవాళ్లు గుండె చేత్తో పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ఆ పని మా ఇంట్లో అందరం రెండేళ్లు చేశాం. దానివల్ల గుండెకూ లాభం లేదు, చేతికీ లాభం లేదు.

ఆకులు ఏ చేత్తో చింపుతోందన్నదే ఈ సంగతంతా.

దవాఖానలో డాక్టరమ్మ నన్నొకసారి అడిగింది: "నువ్వు బాగా మాట్లాడతావు కదా, బయట వరండాలో కూర్చున్న తల్లులకు నీ సంగతి చెప్పరాదూ?" వెళ్లి చెప్పబోయాను. వాళ్లు నవ్వడానికి సిద్ధమై కూర్చున్నారు. నాకున్న పేరు అలాంటిది. పెళ్లిలో పిల్లను అప్పగించేటప్పుడు మా అమ్మ ఏడుస్తుంటే, "ఇంకా గట్టిగా ఏడువమ్మా, కోకాపేట నుంచి మూసాపేటకు వినబడాలె" అన్నదాన్ని. అలాంటి మనిషి ఉన్నట్టుండి నిజం చెప్తే ఎవరు నమ్ముతారు? రాస్తే నా మొహం కనబడదు. అందుకని రాస్తున్నాను.

నా పేరు పుష్ప. మెట్రిక్ దాకా చదివాను. మా ఆయన మల్లేశం, సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేతు మిషను మీద పని. మాతోపాటు మా అత్తమ్మ. మూసాపేటలో ఏ ఇంట్లో పురుడొచ్చినా పసిపిల్లకు నీళ్లు పోయడానికి ఆమెనే పిలుస్తారు. కాళ్లు చాచి కూర్చుని, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని, నూనె పెట్టి, కాళ్లూ చేతులూ సాగదీసి, చెంబులతో వేడినీళ్లు పోసి, ముక్కు నొక్కి, సాంబ్రాణి వేసి ఇస్తే ఆ పిల్ల సాయంత్రం దాకా లేవదు. ఊళ్లో సగం మంది ముక్కులు ఆమె తీర్చినవే. చాలావరకు బాగానే వచ్చాయి.

డెబ్బై ఒకటి, ఎండాకాలం

నా పుట్టింటివాళ్లు ఏడో నెలలో వచ్చి నన్ను తీసుకుపోవాలి. పొలం పనులని ఆగారు. ఎనిమిదో నెలలో గడప దాటించకూడదు. తొమ్మిదిలో వస్తామన్నారు. పెద్దలందరూ కూర్చుని ఇలా ఒప్పందం చేసుకున్నారు గానీ బిడ్డను అడగలేదు. ఎనిమిదో నెల నిండొస్తుండగా ఒక పొద్దున బియ్యం ఏరుతుంటే నొప్పులు మొదలయ్యాయి.

ఆటోలో అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని చెవి దగ్గరికి వచ్చింది. ధైర్యం చెప్తుందనుకున్నాను.

"చూడు బిడ్డా, ఎన్నో నెల అని అడుగుతరు. ఏడో నెల పడ్డదని చెప్పు. ఎనిమిదో నెల అని చెప్పకు."

"నిండొచ్చింది కద అత్తమ్మా."

"నిండింది నీకు నాకు తెలిస్తే చాలు. ఏడో నెల పిల్లలు బతుకుతరు. ఎనిమిదో నెలోల్లు బతకరు. నా చేతుల మీదికెల్లి ఎంతమంది పోయిన్రో నాకు తెల్వదా? ఎనిమిదని విన్నరంటే వాళ్లు గూడ చేతులు ఇడిచిపెడతరు."

"అట్లయితే ఐదో నెలని చెప్దాం. ఇంకా గట్టిగ బతుకుతది."

ఆటో నడిపేవాడు నవ్వాడు. అత్తమ్మ నవ్వలేదు. నా చెయ్యి వదిలేసి కొంగున మొక్కు ముడి వేసుకోవడం అప్పుడు చూశాను. చూడకపోతే బాగుండేది. నవ్వు చప్పున ఆరిపోయింది.

దవాఖాన బల్ల దగ్గర సిస్టరమ్మ తలెత్తకుండా అడిగింది, "ఎన్నో నెల?"

"ఏడు పడ్డదమ్మా."

ఆ మాట చెప్పింది నేను. అత్తమ్మ కాదు. మెట్రిక్ పాసయిన నేను. ముందుముందు ఆమెను తిట్టాలనిపించినప్పుడు ఇది గుర్తు పెట్టుకోండి.

పుట్టిన బిడ్డ మూడు పౌండ్లు. డాక్టరమ్మ కార్డు చూసి, బిడ్డను చూసి, "ఏడో నెలకు ఇది మంచి బరువే" అంది. మేం పొంగిపోయాం. మల్లేశం బయట అందరికీ "మంచి బరువు" అని చెప్పుకున్నాడు. మూడు పౌండ్ల బిడ్డను చూసి గర్వపడిన ఇల్లు మాదొక్కటే అయ్యుంటుంది.

ఆ తర్వాత ఇరవై ఆరు రోజులు వరండా. బిడ్డలు లోపల గాజు పెట్టెల్లో, తల్లులం బయట చాపల మీద. మూడు గంటలకోసారి పాలు పిండి గిన్నెలో ఇవ్వాలి. ఆయా వచ్చి పేరు పిలుస్తుంది, గిన్నె తీసుకుపోతుంది. ఆమెను హలీమా బీ అనేవాళ్లు. పెద్ద మనిషి, మోకాళ్ల నొప్పులు. పేరు పిలిచిందంటే పాలకు. పేరు పిలవకుండా వచ్చి పక్కన నిలబడిందంటే ఇంక పాలు అవసరం లేదని. ఆమె చెప్పులు దగ్గరికి వస్తుంటే ముప్పై మంది ఆడవాళ్లు ఊపిరి బిగబట్టేవాళ్లు. తలుపు దాటగానే తిన్నగా నా వైపే వస్తున్నట్టుండేది. అందరికీ అట్లాగే ఉండేదట.

నా పక్క చాప మీద శంషాబాద్ నుంచి వచ్చిన ఆమె. ఆమెకు కొడుకు. నేను నోరు మూసుకుని కూర్చోలేను కదా, ఏదో ఒకటి చెప్పి నవ్విస్తుండేదాన్ని. ఒక మధ్యాహ్నం నేను చెప్పినదానికి ఆమె కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వుతోంది. తలెత్తేసరికి హలీమా బీ నిలబడి ఉంది, పేరు పిలవకుండా. శంషాబాద్ ఆమె మొహం మీది నవ్వు వెంటనే పోలేదు. దానికి ఇంకా తెలియలేదు. కొంతసేపు అలాగే ఉండిపోయింది.

ఏం చెప్పి నవ్వించానో ఇక్కడ రాయను. మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

హలీమా బీ ఆ రోజు తర్వాత నా గిన్నె తీసుకునేటప్పుడు ఒక పని చేసేది. కిటికీ అవతల నా బిడ్డ పెట్టె దగ్గర నిలబడి, లోపలికి వేలు పెట్టి, బిడ్డ కాలు కొంచెం కదిలించి నాకు చూపించేది. "కదులుతుంది బేటీ, ఫికర్ జెయ్యకు." ఆమె కదిలిస్తే కదిలిందని నాకు తెలుసు. అయినా రోజూ ఆ కాలు కోసమే ఎదురుచూసేదాన్ని.

ఇరవై ఏడో రోజు ఇంటికి పంపారు. అత్తమ్మ గడప దగ్గరే బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, చాటలోకి ఎత్తుకుని, పెంటమ్మ అని పేరు పెట్టింది. ఎవరికీ పనికిరానిదనుకుని చావు పక్కనుంచి పోతుందని. నేను మంచి పేరొకటి మనసులో పెట్టుకున్నాను గానీ పైకి అనలేదు. "పెంటమ్మనా? బలే పేరు, బడిల ఎవడూ కన్నెత్తి చూడడు" అన్నాను. మల్లేశం నా వైపు ఎలా చూశాడంటే, ఆ రోజు ఇంక మాట్లాడలేదు నేను.

వానాకాలం

నెలకొక మంగళవారం బిడ్డను చూపించాలని కార్డులో రాశారు. మంగళవారం బిడ్డను బయటికి తీయడమేమిటని అత్తమ్మ గొణిగేది గానీ తనే ముందు బస్సెక్కేది. పట్నం పోయి, వరసలో కూర్చుని, మధ్యాహ్నానికి లోపలికి వెళ్తే, రెండు నిమిషాలు. "పెంటమ్మ!" అని పిలవగానే వరసంతా ఇటు తిరిగేది. అందులో ముగ్గురు నలుగురు పెంటమ్మలూ పెంటయ్యలూ ఉండేవాళ్లు కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేకపోయింది.

బిడ్డ మెడ నిలపలేదని అడిగితే డాక్టరమ్మ వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది: "మూడు నెలలు ముందు పుట్టింది కదా. కాబట్టి వయసులోంచి మూడు నెలలు తీసేసి చూడాలి. ఇప్పుడు నాలుగో నెల అంటున్నావు, అంటే ఒక నెల పిల్ల అన్నట్టు. ఏం భయం లేదు."

నిజానికి తీయాల్సింది ఒక నెలా కొన్ని రోజులే. ఆ లెక్క ఆ గదిలో ఇద్దరికి తెలుసు. ఒకరు బిడ్డ టోపీ సర్దుతున్నారు. ఇంకొకరు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

భయం లేదన్న మాట తీపిగా ఉంటుంది. తీసుకుని ఇంటికి వచ్చాం. మళ్లీ నెల మళ్లీ అదే తీపి. ఇక్కడే మేం బిడ్డకు ద్రోహం చేశామని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం బస్సులో కూర్చుని మురమురాలు తిన్నాం.

చలికాలం

ఆరో నెల దాటాక బిడ్డ వస్తువుల మీదికి చెయ్యి చాపడం మొదలుపెట్టింది. గాజులు లాగేది, మల్లేశం మీసం లాగేది. అన్నీ ఎడమ చేత్తో. కుడి చెయ్యి పిడికిలి బిగించి, బొటనవేలు లోపల దాచుకుని, ఛాతీకి ఆనించి ఉంచేది. కుడి చెయ్యి అక్కడ ఉందన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదన్నట్టు.

అత్తమ్మకు కనబడింది ఒక్క ఎడమ చెయ్యే.

"అయ్యో, పుర్రచెయ్యి పిల్లనా! ఆడపిల్ల ఎడమ చేత్తో వడ్డిస్తే ఎవరు తింటరు? గిప్పుడే మాన్పియ్యాలె."

మాన్పించడానికి ఆమె ఒక పాత చీర పేలిక తీసుకుని బిడ్డ ఎడమ చేతిని నడుముకు చుట్టేది. ముఖ్యంగా దవాఖానకు పోయే రోజు. డాక్టరమ్మ ముందు బిడ్డ ఎడమ చెయ్యి చాపితే పరువు పోతుందని శాలువాలో చెయ్యి కనబడకుండా గట్టిగా చుట్టి తీసుకుపోయేది. నేను ఒప్పుకున్నాను. చలి కదా అనుకున్నాను. డాక్టరమ్మ ముందుకు వచ్చేది పిడికిలి బిగించిన కుడి చెయ్యి ఒక్కటే. చిన్నపిల్లలందరూ పిడికిలి బిగించే ఉంటారు. ఆమె లెక్కలో ఇది మూడో నెల పిల్ల. రెండు నిమిషాల్లో పోయేదాన్ని ఆమె మాత్రం ఎట్లా పట్టుకుంటుంది? నెలను దాచాం, చెయ్యిని దాచాం. ఇంకా ఏదైనా దాచడానికి మిగిలి ఉంటే అదీ దాచేవాళ్లమే.

మా పక్క పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లు కాకినాడ వైపు వాళ్లు. ఆయన గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. ఆమె పేరు శారద. ముగ్గురు పిల్లల తల్లి. ఒకరోజు ఎండలో వడియాలు పెడుతూ బిడ్డను చాలాసేపు చూసి, "పుష్పగారూ, ఏమీ అనుకోకండి, పాప కుడి చెయ్యి అసలు తెరవదేమిటండీ?" అంది.

నేను జవాబు చెప్పేలోగా అత్తమ్మ లోపలినుంచి వచ్చింది.

"మా పిల్ల గుప్పిట్ల మీదేమన్న ఉండిపోయిందా అమ్మా?"

"అయ్యో, అది కాదండీ పెద్దమ్మగారూ. మా రెండోవాడు ఈ వయసుకి రెండు చేతులతోటీ..."

"మీ రెండోవాని సంగతి మీ ఊర్ల చెప్పుకో. ఉన్న ఊరు ఇడిచి మా ఊరికొచ్చి, మా పిల్లలకు వంకలు పెడుతున్నరా?"

ఆ రోజుల్లో నల్లా దగ్గర బిందె తగిలినా ఆంధ్ర, తెలంగాణ అయిపోయేది. శారదగారి మొహం ఎర్రబడింది. నేనేం చేశానో చెప్పాలి కదా. నేను నవ్వాను. గుప్పిట మాట బాగా పేలిందని నవ్వాను. ఆమె వడియాల పళ్లెం తీసుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది. రెండు నెలలు మా గడప తొక్కలేదు.

సంక్రాంతి తర్వాత వీధిలో పిల్లలకు తట్టు పోసింది. అమ్మవారు తిరుగుతోందని ఎవరినీ కదలనివ్వలేదు. ఆ నెల మంగళవారం పోయింది. తర్వాతి నెలది కూడా పోయింది.

డెబ్బై రెండు, ఎండలు మొదలయ్యేటప్పుడు

అత్తమ్మ ఎవరింట్లోనో నీళ్లు పోయడానికి పోయిన ఒక మధ్యాహ్నం నేను బిడ్డను ముందు కూర్చోబెట్టుకున్నాను. కూర్చోబెట్టుకున్నాను అంటే గోడకు ఆనించాను. తనంతట తను కూర్చోలేదు. వదిలేస్తే కుడిపక్కకు ఒరిగిపోతుంది. ఎడమ చేతిని నా మోకాలి కింద మెల్లగా అదిమిపట్టి, కళ్లముందు గాజు ఆడించాను. ఆమెకు ఆ గాజంటే ప్రాణం.

గాజును చూసింది. ఎడమ భుజం గింజుకుంది. కుడి చెయ్యి ఛాతీ మీద అలాగే ఉంది. మళ్లీ గాజును చూసింది. తర్వాత నన్ను చూసింది. ఆ చూపుకు అర్థాలు చెప్పను. పదో నెల పిల్ల చూపులకు అర్థాలుండవు. కానీ నేను గాజు పడేసి లేచి, పని లేకపోయినా కడిగిన గిన్నెలన్నీ మళ్లీ కడిగాను.

మల్లేశం డ్యూటీ నుంచి రాగానే చెప్పాను. "మంగళవారం డాక్టరమ్మకు నిజం చెప్పేస్త."

"ఏం నిజం?"

"ఎనిమిదో నెలని."

అతను టిఫిను డబ్బా కింద పెట్టాడు. "అమ్మనడుగు."

"అడిగితే వద్దంటది."

"మల్ల? పది నెలలు ఏం గాలే కద. ఇప్పుడు నోరు జారి ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు?"

అతనికీ అదే భయం. ఆ అబద్ధమే బిడ్డను పట్టుకుని ఆపుతోందని, అది తీసేస్తే బిడ్డ జారిపోతుందని. లేతు మీద వెంట్రుకవాసి తేడా పట్టుకునే మనిషి. నవ్వబోయాను. నా లోపలా అదే భయం ఉందని తెలిసి ఆగిపోయాను.

ఆ మంగళవారం వరస పొడుగ్గా ఉంది. మా వంతు వచ్చింది. డాక్టరమ్మ కార్డు చూసింది, వేళ్లు లెక్కపెట్టింది. "రెండు నెలలు ఎందుకు రాలేదు? సరే. పదో నెల అంటే ఏడో నెల పిల్లలాగ చూడాలి. కూర్చోవడం కొంచెం ఆలస్యమే. ఇంకో రెండు నెలలు చూద్దాం."

అత్తమ్మ మొహం వెలిగింది. బిడ్డను ఎత్తుకుని లేచింది. శాలువాలోంచి పిడికిలి బయటికి వచ్చి ఉంది.

"అమ్మా, ఇది ఏడో నెల పిల్ల కాదు" అన్నాను.

అత్తమ్మ చెయ్యి వచ్చి నా నోటి మీద పడింది. కొట్టడం కాదు, మూయడం. బిడ్డ ఒక చేతిలో, నా నోరు ఒక చేతిలో. వెనక వరసలోవాళ్లు లేచి నిలబడ్డారు. నేను ఆ చెయ్యి తీసేసి, "ఎనిమిది నిండింది. అబద్ధం చెప్పినం. ఇంకా ఎడమ చెయ్యి లోపల కట్టేసి ఉన్నది, చూడు" అన్నాను.

"అయిపాయె" అంది అత్తమ్మ, మెల్లగా. "సంపినవ్."

డాక్టరమ్మ శాలువా విప్పింది. పేలిక విప్పింది. తన పెన్ను బిడ్డ ముందు పెట్టింది. ఎడమ చెయ్యి టక్కున పట్టుకుంది. పెన్ను లాక్కుని, ఎడమ చేతిని పట్టుకుని, మళ్లీ పెట్టింది. కుడి చెయ్యి రాలేదు. పిడికిలి తెరవబోతే పచ్చి మొగ్గలా బిగుసుకుంది. కాలు వంచి చూసింది. కుడికాలూ అంతే.

"ఎన్నాళ్ల నుంచి?"

అత్తమ్మ పేలికను మడత పెట్టి నడుముకు దోపుకుంది.

"నువ్వు చదువుకున్నదానివి కదూ?" అంది నన్ను చూసి. "ఎనిమిది నిండిన బిడ్డ మూడు పౌండ్లే అని తెలిస్తే మొదటిరోజు నుంచే నేను వేరే రకంగా చూసేదాన్ని. ఆరో నెలలో ఈ చెయ్యి చూపించి ఉంటే అప్పుడే పని మొదలయ్యేది. ఇప్పుడు మొదలుపెడితే కొంత వస్తుంది. ఎంతో చెప్పలేను. అప్పుడే వచ్చి ఉంటే ఇంకొంత వచ్చేది. ఎంతో అదీ చెప్పలేను. ఆ రెండింటి మధ్య తేడా మాత్రం మీరే మోయాలి."

నేను శాలువా మళ్లీ చుట్టాను, ఈసారి రెండు చేతులూ బయటికి ఉంచి.

ఆ తర్వాత నాలుగు రోజులు

అత్తమ్మ ఇంటికొచ్చి బిడ్డ పక్కన చాప వేసుకుంది. తిండి లేదు. బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది, వెనక్కి తీసుకుంటుంది, మళ్లీ పెడుతుంది. నాతో మాట లేదు. మల్లేశం నాతో మాట్లాడకుండా డ్యూటీకి పోయి, మాట్లాడకుండా వచ్చేవాడు. నేను వంట చేసి పెడితే ఎవరూ తినలేదు. నేను మాత్రం తిన్నాను. పాలివ్వాలి కదా. నేను తింటుంటే వాళ్లిద్దరూ చూసిన చూపు ఉంది చూడండి, అన్నంలో ఉప్పు వేసుకోనక్కర్లేదు.

నేనూ వెళ్లి వేలు పెట్టి చూసేదాన్ని, అత్తమ్మ బయటికి పోయినప్పుడు.

మొదటిరోజు బిడ్డ మామూలుగా ఉంది. రెండోరోజు మామూలుగా ఉంది. మూడోరోజు ఎప్పటికన్నా ఎక్కువ పాలు తాగింది. నాలుగోరోజు అత్తమ్మ వేలు ముక్కు దగ్గరికి రాగానే పట్టుకుని కొరికింది. అప్పుడే వస్తున్న పన్ను. బిడ్డ బతికే ఉన్నందుకు అత్తమ్మకు నా మీద కోపం ఇంకా పెరిగింది. పోతే నన్ను తిట్టొచ్చు. బతికితే ఎవరిని తిట్టాలి? వాకిట్లో కూర్చుని ఆ వేలు చూసుకుంటూ చాలాసేపు ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఇద్దరం ఒకే సంగతికి ఏడవలేదనుకుంటాను.

సాయంత్రం శారదగారి తలుపు తట్టాను. "మీరు చెప్పింది నిజం" అన్నాను.

"నిజం కాకపోయుంటే బాగుండేదండీ" అంది ఆమె. లోపలికి రమ్మని పీట వేసింది.

కసరత్తులు

దవాఖాన వెనక గదిలో ఒకాయన బిడ్డ చేతులూ కాళ్లూ ఎట్లా సాగదీయాలో నేర్పిస్తాడు. రోజుకు నాలుగుసార్లు చెయ్యాలి. పిడికిలి వేలు వేలుగా విప్పాలి, మోకాలు చాపి పట్టుకోవాలి, మడమ వంచాలి. బిడ్డ అరుస్తుంది. అరిస్తే ఆపకూడదు. మొదటిరోజు నేను పది లెక్కపెట్టాలి, ఆరు దగ్గర వదిలేశాను. "నాలుగు బాకీ" అన్నాడాయన. నాకన్నా బాగా చురక వేసే మనిషి అప్పటిదాకా దొరకలేదు. అందుకని ఆయనంటే నాకు అసహ్యం.

అత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి చూస్తోంది. ఆ నాలుగు రోజుల తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట ఇది: "ఆ పిల్లగానికి చాత కాదు. కాలు గట్ల పడతరా?"

లోపలికి వచ్చి కింద కూర్చుని, కాళ్లు చాపి, బిడ్డను కాళ్ల మీద వేసుకుంది. మోకాలి మీద అరచెయ్యి ఆనించి, మడమ పట్టుకుని, ఒక్క లాగు. కాలు చాపుకుంది. బిడ్డ కేక పెట్టింది. పది దాకా వదల్లేదు. ఆయన లేచి చూశాడు. "ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అన్నాడు.

"నలభై ఏండ్ల సంది చేస్తున్న. ఊరోల్ల పిల్లలందరికి చేసిన." బిడ్డ మడమ నిమురుతూ అంది, "దీనికే చెయ్యలే. సన్నగ ఉన్నదని, చేతిల ఇరిగిపోతదని భయపడి ఒక్కనాడు గూడ ముట్టలే."

అది నిజమే. ఊరందరి బిడ్డల కాళ్లూ చేతులూ సాగదీసిన మనిషి మా బిడ్డను తడిగుడ్డతో అద్ది ఊరుకుంది. రోజూ ఆమె కాళ్ల మీద పడుకోబెట్టి ఉంటే ఆ పిడికిలి సంగతి ఆమె చేతులకు అందరికన్నా ముందు తెలిసేది.

అప్పటినుంచి ఆ పని ఆమెదే. ఫలితం ఏమిటంటే, బిడ్డ నాయనమ్మను చూస్తే చాలు పారిపోవడం మొదలుపెట్టింది. పారిపోవడమంటే కుడి కాలు ఈడ్చుకుంటూ పాకడం. పాకడం అలా నేర్చుకుంది. వీధిలోవాళ్లు మా గోడ మీదుగా తొంగిచూసి, "కసాయోల్ల ఇల్లయ్యింది" అని వినబడేట్టు అనేవాళ్లు. చుట్టాలొకామె వచ్చి, "ఆడపిల్ల, అందులో అవిటిది, ఎందుకింత కష్టపెడతరు, ఎన్ని దినాలు ఉంటదో అన్ని దినాలు ఉండనియ్యరాదు" అంది. అత్తమ్మ ఆమెకు చాయ్ ఇచ్చి పంపింది. పంపాక ఆమె తాగిన కప్పు బయట విసిరేసింది. అత్తమ్మ కన్నా నేను బాగా చెయ్యగలిగేదాన్నా అని ఆలోచించాను. లేదు.

మంగళవారాలు మళ్లీ ఎప్పుడూ పోలేదు. బస్సులు నడవని రోజు మల్లేశం సైకిల్ మీద తీసుకుపోయాడు, ముందు బిడ్డ, వెనక నేను.

డెబ్బై మూడు, ఎండాకాలం

బిడ్డకు రెండేళ్లు. గోడ పట్టుకుని నిలబడుతోంది. పిడికిలి తనంతట తను సగం తెరుచుకుంటోంది గానీ ఆ చెయ్యి మాత్రం పైకి లేవదు. వెనక గది ఆయన కొత్త మాట చెప్పాడు: "ఇంక ఏది ఇచ్చినా కుడి పక్కనే పెట్టండి. ఎడమ చేతికి ఇస్తే మీకు సుఖం, ఆమెకు కాదు. ఏడిస్తే ఏడవనివ్వండి. ఇప్పుడు లేవకపోతే ఆ చేతిని ఆమె మర్చిపోతుంది. ఆ తర్వాత ఎవరూ గుర్తు చెయ్యలేరు."

అంటే ఆకలేసిన బిడ్డ ముందు తిండి పెట్టి, అందే చెయ్యిని పట్టుకుని కూర్చోవాలి. నాలుగు వారాలు అదే పని. కుడి చెయ్యి ఒక్కసారి కూడా రాలేదు. ప్రతిసారీ చివరికి నేనే నోట్లో పెట్టేదాన్ని. ఇంకో నెల చూసి, రాకపోతే ఊరుకుందామని మల్లేశం అన్నాడు. నేనూ సరే అన్నాను.

ఒక మధ్యాహ్నం వాకిట్లో నీడన కూర్చున్నాం. అత్తమ్మ, నేను, అరుగు మీద శారదగారు. బిడ్డ నా ఎదురుగా. ఎడమ చెయ్యి నా చేతిలో. కుడి పక్కన సకినం ముక్క. శారదగారే తెచ్చింది, మా దగ్గర చేయడం నేర్చుకుని. గుండ్రంగా రాలేదు గానీ రుచి బాగానే ఉంది.

బిడ్డ సకినాన్ని చూసింది. గింజుకుంది. ఏడ్చింది. మొహమంతా చీమిడి. నన్ను "అమ్మా, అమ్మా" అని పిలిచింది, ఎదురుగా ఉన్నది నేను కాదన్నట్టు, వేరే ఎక్కడో ఉన్న మంచి అమ్మను పిలుస్తున్నట్టు.

"ఇచ్చేయండి పుష్పగారూ, పాపం" అంది శారదగారు. కళ్లు తుడుచుకుంటోంది.

మల్లేశం లోపలినుంచి వచ్చి, చూసి, చెప్పులేసుకుని వీధిలోకి పోయాడు.

నేను వదల్లేదు. ఎంత సేపో తెలియదు. బిడ్డ ఏడుపు ఆగిపోయింది. ఎక్కిళ్లు పెడుతూ నన్నే చూస్తోంది. అలాంటి చూపు నేను అంతకుముందు చూడలేదు. రెండేళ్ల పిల్ల కళ్లలో అంత కోపం పడుతుందని తెలియదు. సకినం సంగతి మర్చిపోయింది. ఆమె కుడి భుజం కదిలింది. మోచెయ్యి ఛాతీని వదిలింది. ఆ చెయ్యి వణుకుతూ, వంకరగా, గాల్లో దారి వెతుక్కుంటూ పైకి లేచి, నా చెంప మీద పడింది.

దెబ్బ కాదు అది, తగలడం. అయినా కొట్టింది. నన్ను కొట్టాలనే కొట్టింది.

నేను ఎడమ చెయ్యి వదిలేశానేమోనని చూసుకున్నాను. వదల్లేదు. బిడ్డ తన చేతిని తనే వింతగా చూసుకుంది. మళ్లీ ఎత్తింది. ఈసారి అందలేదు, నా గడ్డం కింద గాలిలోనే ఆగిపోయింది.

అత్తమ్మ వెనక నుంచి నా మెడ పట్టుకుని ముందుకు తోసింది.

"జర దగ్గరికి జరుగు. అందుతలేదు దానికి."

నేను జరిగి కూర్చున్నాను.